ఏడో నంబరు తాడి వెనక పక్క

కుర్మయ్య గౌడ్ తన మోకును నమ్మేవాడు. ఆ తర్వాత భార్య యాదవ్వను నమ్మేవాడు. ఆయన నమ్మకాల చిట్టా అక్కడితో సరి. శామీర్‌పేటలో ఇంకెవరు ఏం చెప్పినా కళ్ళు చిన్నవి చేసుకుని వినడం, విన్నాక "గిండ్ల ఏందో ఉన్నది" అనడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. కిరాణాకొట్టు కాటా మీద అంకెలు ఎర్రగా వెలిగితే అనుమానం. ఆస్పత్రిలో డాక్టరు నవ్వితే అనుమానం. చెట్టు నుంచి జారకుండా ఉండేందుకు సర్కారు కొత్త బెల్టు ఇస్తే, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గోడకు తగిలించాడు. ఊరికే తాడు ఇచ్చినవాడు రేపు చెట్టు అడుగుతాడని ఆయన లెక్క.

మోకంటే కల్లుగీసేవాడు తన నడుమునూ తాడిచెట్టునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. దాని మీద వెనక్కి వాలి, పాదాలు మొద్దుకు తన్నిపెట్టి, జానెడు జానెడే పైకి పాకాలి. కుర్మయ్య పదహారో ఏట మొదలుపెట్టాడు, ఇప్పుడు యాభై ఎనిమిది నడుస్తోంది. మోకాళ్ళు మెట్లెక్కడానికి మొరాయిస్తాయి గానీ చెట్టెక్కడానికి మొరాయించవు. ఆ సంగతి ఎవరైనా మెచ్చుకుంటే దిష్టి పెడుతున్నారని వాళ్ళ మీద కూడా అనుమానమే.

ఒకప్పుడు అరవై చెట్లు గీసిన మనిషికి ఇప్పుడు పదకొండు మిగిలాయి. మిగతావన్నీ ప్లాట్ల కింద పోయాయి. ఈ పదకొండూ కొత్త కాలనీ ప్రహరీ గోడను ఆనుకుని, గోడకు ఇవతల వరసగా నిలబడి ఉండబట్టి బతికిపోయాయి. ఆబ్కారీ వాళ్ళు ఒక్కోదానికీ తెల్లరంగుతో నంబరు వేశారు. అందులో ఏడో నంబరు చెట్టు కామధేనువు. మిగతా పదీ కలిసి ఇచ్చేదానిలో సగం అదొక్కటే ఇచ్చేది. ఈ పదకొండు చెట్లే ఆయన ఇల్లు నడిపేవి, ఆయన పేరు పక్కన గీత కార్మికుడన్న మాట నిలబెట్టేవి. అవి పోతే ఈ వయసులో ఏదో ఒక గేటు ముందు కుర్చీ వేసుకుని వాచ్‌మన్‌గా కూర్చోవలసిందే. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఆయనకు అన్నం సహించేది కాదు.

మనిషికి లాగే చెట్టుకూ ముఖమూ వీపూ ఉంటాయని వాళ్ళ బాపు చెప్పాడు. మొదటిసారి ఏ పక్క ఎక్కితే జన్మంతా ఆ పక్కే ఎక్కాలి, పాదాలకు తెలిసిన పక్క మోసం చెయ్యదు. గోడ వచ్చిన ఎనిమిదేళ్ళలో కుర్మయ్య తన చెట్ల వీపు చూసిందే లేదు. అది చూడాలంటే కాలనీ లోపలికి పోవాలి. గేటు దగ్గర అల్వాల్ నుంచి వచ్చే వాచ్‌మన్ దేవేందర్ ఉంటాడు. కల్లు కోసం సాయంత్రం నవ్వుకుంటూ వచ్చే ఆ దేవేందరే, పొద్దున గేటు దగ్గర ఎవరికోసం వచ్చినవని రిజిస్టరు చాపుతాడు.

బాపు నేర్పినది ఇంకొకటి ఉంది. మోకు భుజానికి వేసుకున్నవాడి ముందు పడడం అన్న మాట ఎవరూ ఎత్తకూడదు. పడతావన్నా తప్పే, పడకు అన్నా తప్పే. గీతపని చేసేవాళ్ళ ఇళ్ళల్లో పొద్దుటిపూట చేతిలోని చెంబు జారినా, చెంబు జారిందంటారు తప్ప పడిందనరు. కుర్మయ్యకు ఇరవై ఏళ్ళప్పుడు పక్కింటి పద్మమ్మ వాకిలి ఊడుస్తూ, పాపం మంచికే, "బావా, వాన పడ్డది, జారి పడ్తవ్, పైలం" అంది. బాపు ఒక్క క్షణం ఆగి చూసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఆయన్ని మంచం మీద మోసుకొచ్చారు. మూడేళ్ళు ఆ మంచం మీదే ఉండి కన్నుమూశాడు. పద్మమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఆవిడ తన వాకిలి తలుపు ఇంకో పక్కకు పెట్టించుకుంది.

ఇక రాజారావు సంగతి. ఏలూరు పక్క మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. గోడకు అవతల, సరిగ్గా ఏడో నంబరు చెట్టుకు ఎదురుగా ఉన్న రెండంతస్తుల ఇల్లు ఆయనది. కాలనీ సంఘానికి కార్యదర్శి కూడా. కిందటేడు తాటిమట్టలు రాలి కార్ల అద్దాలు పగులుతున్నాయని కాలనీ నుంచి ఆబ్కారీ ఆఫీసుకు ఒక కాగితం పోయింది. దాని కింద సంతకం రాజారావుది. ఆ సంగతి కుర్మయ్యకు ఆ ఆఫీసు జవానే చెప్పాడు. చెట్టు కొట్టడానికి అనుమతి అంత తేలిగ్గా రాదని, కాగితం అటకెక్కిందని కూడా చెప్పాడు గానీ కుర్మయ్య చెవికి మొదటి సగమే ఎక్కింది.

పైగా రాజారావు ఆయన్ని "కుర్మయ్య గారూ" అని పిలిచేవాడు. కల్లుగీసేవాడిని గారూ అని పిలిచే మనిషిని కుర్మయ్య పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఏదో కావలసి వస్తే తప్ప ఎవరైనా అంత మర్యాద ఎందుకు ఖర్చు పెడతారు?

ఆ మే నెలలో ఒక పొద్దున కుర్మయ్య ఏడో నంబరు మీద కూర్చుని గెల చివర సన్నగా చెక్కుతున్నాడు. పక్కనే జుయ్యిమని చప్పుడైంది. కందిరీగలేమోనని తల తిప్పితే, అరచేతి కంటే కొంచెం పెద్దది, నాలుగు రెక్కలది, గాలిలో ఆయన ఎత్తునే ఆగి ఉంది. ముందు ఒక కన్ను. ఆ కన్ను చెట్టు చుట్టూ తిరిగి, వెనక్కి పోయి, అక్కడే చాలాసేపు ఆగింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడని సామెత. నలభై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో కుర్మయ్య కంటే ఎత్తున ఉండేది కాకులూ, హకీంపేటకు దిగే విమానాలూ మాత్రమే. ఆయనకు కోపం వచ్చింది. కత్తి ఊపాడు. అది వెనక్కి జరిగి, గోడ దాటి, రాజారావు మేడ మీద ఆకుపచ్చ నీళ్ళ ట్యాంకు పక్కన దిగింది.

మర్నాడూ వచ్చింది. మూడోనాడూ వచ్చింది. ఎప్పుడూ ఏడో నంబరు దగ్గరికే, ఎప్పుడూ వెనక పక్కకే. అంతకు మించి ఒక్క చెట్టు ఇవతలికి రాదు, అవతలికి పోదు. ఆ మూడు పొద్దులూ కుర్మయ్య దిగి ఇంటికి రాగానే యాదవ్వకు పూసగుచ్చినట్టు చెప్పాడు. చెట్టు మీద నుంచి ఏం చూసినా ఆమెకు చెప్పడం ఆయన అలవాటు. ఎవరి మేడ మీద మిరపకాయలు ఎండాయో, ఎవరి బర్రె ఎవరి దొడ్లో దూరిందో అన్నీ ఆమెకు తెలిసేవి. ఫొటోలు తీసి చెట్టు కొట్టించడానికి కొత్త కాగితం తయారు చేస్తున్నాడని ఇద్దరూ తేల్చుకున్నారు. దేవేందర్ దానికి ఆజ్యం పోశాడు. రాజారావు సారు ఏడో నంబరు తాడి తీసేయాలని మళ్ళీ దరఖాస్తు రాస్తున్నాడని సాయంత్రం కల్లు తాగుతూ చెప్పాడు. అది నిజమే కూడా.

నాలుగోనాడు పొద్దున కుర్మయ్య మోకు భుజాన వేసుకుని చెట్ల దగ్గరికి వచ్చేసరికి రాజారావు అక్కడే నిలబడి ఉన్నాడు. లుంగీ, బనియను, చేతిలో ఫోను. గేటు మీదుగా గోడంతా చుట్టి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"కుర్మయ్య గారూ, మీతో ఒక మాట. ఈ చెట్టు ఇక ఎక్కకండి. పడిపోతారండీ."

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట బాపు మోకు ముందు వినపడిన మాట ఇప్పుడు కుర్మయ్య మోకు ముందు వినపడింది. రాజారావు ఇంకా ఏదో చెబుతూ, చూడండి అంటూ ఫోను ముందుకు పెట్టాడు. ఫొటో తీస్తున్నాడనుకుని కుర్మయ్య ముఖం తిప్పేసుకున్నాడు. భుజాన మోకుతోనే ఇంటికి నడిచాడు. ఆ రోజు ఒక్క చెట్టూ ఎక్కలేదు. ఇది బెదిరింపు కాక ఇంకేమిటి? ఎక్కనివ్వకుండా చేసి, ఎక్కడం లేదని చూపించి చెట్టు కొట్టిస్తాడు. ఒకటి పోతే మిగతా పదీ ఎన్నాళ్ళు నిలుస్తాయి? అనుమానానికి అన్నం పెట్టనక్కర్లేదు, అది మనిషినే తిని బతుకుతుంది. ఆ రాత్రి కుర్మయ్యను అది బాగానే తింది.

మరుసటి రోజు ఊళ్ళో మైకు కట్టిన ఆటో తిరిగింది. హకీంపేట విమానాల స్థావరం దగ్గర ఉండబట్టి ఇదంతా రెడ్‌జోన్ అని, అనుమతి లేకుండా డ్రోన్లు ఎగరేస్తే కేసులని, ఎవరైనా చూస్తే చెప్పాలని. మధ్యాహ్నం ఎస్సై వినోద ఇద్దరు కానిస్టేబుళ్ళతో చెట్ల దగ్గరికే వచ్చింది. ఈ పక్క డ్రోను ఎగురుతోందని స్థావరం నుంచి కబురొచ్చిందట. ఊళ్ళో అందరికంటే ఎత్తు మీద ఉండేది నువ్వే కదా, నీకు కనపడకుండా పోదని ఆమె కుర్మయ్యను అడిగింది. తెలివైన పిల్ల.

కుర్మయ్య చెప్పాడు. ఆకుపచ్చ ట్యాంకు చెప్పాడు, రాజారావు పేరు చెప్పాడు. అక్కడికి ఆగి ఉంటే ఈ కథ లేదు. ఎస్సై రాసుకుని, ఇంకో ప్రశ్న వేసింది. కాలనీ మీద ఆడుకున్నాడంటే జరిమానాతో పోతుందని, రన్‌వే దిక్కు పంపి ఉంటే మాత్రం అది వేరే సంగతని, ముసలాయనైనా లోపల కూర్చోవలసి వస్తుందని విడమరిచి చెప్పి, అడిగింది.

"బాగ యాది జేస్కొని చెప్పు పెద్దాయనా. హకీంపేట దిక్కు పోయిందా, పోలేదా?"

కుర్మయ్య ఏడో నంబరు వైపు చూశాడు. ఆ మేడ వైపు చూశాడు.

"పోయింది మేడం" అన్నాడు. "రెండుసార్లు పోయింది."

సాయంత్రానికి రాజారావును జీపెక్కించారు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని ఉన్నాడు. భార్య సీతామహాలక్ష్మి గేటు దాకా పరుగెత్తుకొచ్చి బీపీ మాత్రల డబ్బా ఇవ్వబోతే అప్పటికే బండి కదిలింది. కాలనీ వాళ్ళు మేడల మీద నుంచి చూశారు. నిన్నటిదాకా సారూ సారూ అన్న నోళ్ళే, ఏ దేశం వాళ్ళకు ఫొటోలు పంపుతున్నాడో ఎవరికి తెలుసు అన్నాయి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. విమానాల పక్కన ఏది ఎగిరినా గూఢచారే.

కుర్మయ్య ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. సంతోషంగా ఉండాలి గదా, లేడు. యాదవ్వ ఊరంతా తిరిగిన వార్తనే ఆయనకు చెప్పి, కూర వడ్డిస్తూ ఆగింది.

"హకీంపేట దిక్కు పోయిందని జెప్పినవంట. జూసినవా?"

"జూసిన."

"మరి నాకెందుకు జెప్పలే?"

చూసిన ప్రతిదీ ఆమెకు చెప్పే మనిషి, అన్నిటికంటే పెద్దదాన్ని చెప్పలేదంటే చూడలేదనే అర్థం. నలభై ఏళ్ళ కాపురానికి అంత లెక్క చాలు. ఆమె కూర వడ్డించి, గిన్నె తీసుకుని లోపలికి పోయింది. ఆయనకు అదే ఎక్కువ బాధయింది.

మర్నాడు తెల్లారి, ఎప్పటిలాగే చెట్లన్నీ ఎక్కాడు, ఏడో నంబరుతో సహా. ఆ మాట వినపడిన చెట్టు ఎక్కడానికి మనసొప్పలేదు గానీ, ఎక్కకపోతే రాజారావు గెలిచినట్టవుతుందని పళ్ళు బిగించి ఎక్కాడు. దిగేసరికి ఠాణా నుంచి కబురు. వాంగ్మూలం మీద సంతకం పెట్టాలట.

ఠాణా వరండాలో రాజారావు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క రాత్రికే పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. పక్కన సీతామహాలక్ష్మి ఒళ్ళో మాత్రల డబ్బా పెట్టుకుని కూర్చుంది. కుర్మయ్య వాళ్ళ వైపు చూడకుండా లోపలికి పోయాడు.

ఎస్సై వినోద సంతకం అడగలేదు. కుర్చీ చూపించి, రాజారావు ఫోనును ఆయన ముందు పెట్టి, చూడమంది.

తెర మీద ఒక తాడిచెట్టు. ఎవరిదో చెట్టు. మొద్దు మీద, గెలలకు రెండు మూరల కింద, వేలాడే ఎండు మట్టల చాటున, బిందె పట్టేంత తొర్ర. దాని అంచులు నల్లగా పుచ్చి, పొట్టు రాలుతోంది. రామచిలుక ఒకటి అందులోంచి తొంగిచూసి ఎగిరిపోయింది. గట్టిగా ఉన్నది రెండు వైపులా జానెడు జానెడు చెక్క మాత్రమే. ఇంత పుచ్చిన చెట్టు ఏ మతిలేనోడు గీస్తున్నాడా అనుకున్నాడు కుర్మయ్య.

అంతలో ఆ చెట్టు అవతల నుంచి ఒక మోకు సర్రున పైకి జరిగి, సరిగ్గా తొర్ర మీద ఆగింది. మోకు బిగుసుకుంది. పుచ్చిన చెక్క లోపలికి నొక్కుకుపోయింది. మొద్దు పక్క నుంచి ఎర్ర తువ్వాలు చుట్టిన తల ఒకటి బయటికి వచ్చి, ఈ కంటి వైపు కోపంగా చూసి, కత్తి ఊపింది.

కుర్మయ్య చెయ్యి తనకు తెలియకుండానే తలమీది తువ్వాలు మీదికి పోయింది.

ఫోనులోంచి రాజారావు గొంతు వినపడుతోంది, పక్కన ఎవరితోనో అంటున్నట్టు: "చిలకల గూడనుకుని చూశాను లక్ష్మీ. ఆయన బరువంతా దాని మీదే పడుతోంది. ఇంకోసారి సరిగ్గా చూసి, పోయి చెప్పాలి."

ఎస్సై ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చూపించింది. మూడు పొద్దుల వీడియోలు. అన్నిట్లో అదే చెట్టు, అదే వీపు. ఆ డ్రోను ఎంత దూరం పోయిందో కూడా ఫోనులో గీత గీసి ఉందట. మేడ నుంచి చెట్టుకు, చెట్టు నుంచి మేడకు. ఆ కొత్త దరఖాస్తు కూడా అదే ఫోనులో ఉందట: చెట్టు పుచ్చిందని, ఎక్కే మనిషి ప్రాణానికి ప్రమాదమని.

"నువ్వేమో రెండుసార్లు హకీంపేట దిక్కు పోయిందన్నవ్" అంది ఆమె. "అది ఏ దినం?"

కుర్మయ్యకు గంట కిందట తను ఆ చెట్టు మీద వెనక్కి వాలి, పాదాలు తన్నిపెట్టి, బరువంతా మోకు మీద వేసి కూర్చోవడం గుర్తుకొచ్చింది. అబద్ధాన్ని నిలబెట్టడానికి కూడా కొంచెం బలం కావాలి, ఆయన ఒంట్లో అది లేదు.

"పోలే మేడం. నేనే అన్న. నా చెట్టు గొట్టిస్తడని భయమై అన్న."

ఎస్సై మెల్లగానే, కానీ గట్టిగా తిట్టింది. తప్పుడు వాంగ్మూలానికి నీ మీద కూడా కేసు రాయొచ్చని, ఒక మనిషిని జైలుకు పంపడానికి నీ ఒక్క మాట సరిపోయేదని. పాత కాగితం పక్కన పెట్టి కొత్తది రాయించింది. అందులో తను అబద్ధం చెప్పానన్న వాక్యం కింద కుర్మయ్య వంకర అక్షరాలతో సంతకం పెట్టాడు. అయినా రాజారావుకు పూర్తిగా వదిలిపోలేదు. రెడ్‌జోన్‌లో అంత చిన్న డ్రోనుకైనా అనుమతి ఉండాలి, ఆయనకు లేదు. మంచికి ఎగరేశానంటే చట్టం వినదు. డ్రోను జప్తు, కోర్టుకు రావాలని నోటీసు, ఇంటికి పొమ్మన్నారు.

వరండాలో కుర్మయ్య ఆగాడు. ఏదో అనాలి. రాజారావు నేల చూస్తున్నాడు. మాట్లాడింది సీతామహాలక్ష్మి.

"మీరు పోతే మీ ఆవిడ ఏమైపోతుందోనని ఈయనకు నిద్ర పట్టలేదండీ. మీరు ఈయన్ని ఇక్కడ పడుకోబెట్టారు."

ఆమె గొంతు పెంచలేదు. కుర్మయ్య ఆ మాటను ఇంటిదాకా మోసుకుంటూ నడిచాడు. ఆటోలు ఆగి పిలిచినా ఎక్కలేదు.

మర్నాడు పొద్దున ఆయన చెట్ల దగ్గరికి వచ్చేటప్పటికి ఎండ ఇంకా గోడ దిగలేదు. భుజాన మోకుంది, దాని మీద ప్లాస్టిక్ కవరు విప్పిన కొత్త బెల్టు కూడా ఉంది. ఏడో నంబరు కింద నిలబడి, అలవాటైన చేతులతో మోకును మొద్దు చుట్టూ తిప్పి బిగించాడు. నలభై రెండేళ్ళుగా చేతులు చేసే పని, చెప్పకుండానే చేశాయి. పైన గెలలకు కట్టిన కుండలు, మూడు లొట్లున్నాయి, కల్లుతో నిండి ఉంటాయి. చుట్టూ ఎవరూ లేరు. ఈ ఒక్కసారి ఎక్కి దించుకుంటే ఏం పోతుందన్న ఆలోచన కూడా వచ్చింది, దాచనక్కర్లేదు.

మేడ మీద చప్పుడైంది. రాజారావు కాఫీ గ్లాసుతో పిట్టగోడ దగ్గరికి వచ్చాడు. కుర్మయ్యను, చెట్టుకు బిగించిన మోకును చూశాడు. నోరు తెరిచి, మూసుకున్నాడు. కుర్మయ్య తల పైకెత్తాడు.

"సారూ, నిన్న మొన్న నీకు మస్తు పరేషానయింది. తప్పు నాదే."

రాజారావు తల ఊపాడు, అంతే.

"మొన్న నువ్వు జెప్పిన మాట ఇంకోసారి జెప్పు సారూ."

"ఆ మాట మీవాళ్ళకు చెప్పకూడదటగా" అన్నాడు రాజారావు నెమ్మదిగా. "దేవేందర్ చెప్పాడు. నాకు తెలియదండీ. తెలిస్తే అనేవాణ్ణి కాదు."

"జెప్పాలె. నా చేతులు ఇంటలేవు. మోకు ఇప్పాల్నంటే గా మాట ఇనాలె."

రాజారావు గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు. గోడ దాటి ఇవతలికి వినపడేలా అన్నాడు: "ఎక్కకండి కుర్మయ్య గారూ. పడిపోతారు."

కుర్మయ్య మోకు విప్పాడు. విప్పి, మొద్దుకు ఒకసారి చెయ్యి ఆనించి, ఎనిమిదో నంబరు దగ్గరికి నడిచాడు. వెనకాల ఏడో నంబరు మీద లొట్లు పొంగి, కల్లు మొద్దు మీదుగా జారుతోంది, ఈగలు మూగుతున్నాయి. ఎనిమిదో నంబరు చుట్టూ మోకు వెయ్యబోయి ఆగాడు. దాని ముఖం చూశాడు, ఎప్పటిలాగే నున్నగా, పాదాల గుర్తులతో ఉంది.

"సారూ, గీ ఎనిమిదో దాని ఎనక ఎట్లున్నది?"

రాజారావు కళ్ళు చిట్లించి చూశాడు. ఆ ఎత్తున ఆయన ఉత్త కళ్ళకు మట్టల నీడ తప్ప ఏమీ కనపడలేదు. చూడగలిగిన డ్రోను ఠాణా బీరువాలో ఉంది. ఉండండి, కళ్ళజోడు తెచ్చుకుంటానని లోపలికి వెళ్ళాడు. కుర్మయ్య మోకు భుజాన వేసుకుని, చెట్టు ఎక్కకుండా, ఆయన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.